అక్షరాల వరుసలో కూర్చోబెట్టిన పిల్ల

పదకొండేళ్లుగా ఒక టిక్కును మోస్తున్నాను. ఎర్ర సిరాతో పెట్టిన చిన్న గుర్తు. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

యర్రగొండపాలెం అవతల, అడవి అంచున ఉన్న చిన్న ఊరి బడిలో నేనొక్కదాన్నే టీచరును. బడి తెరిచిన మొదటి వారమంతా పిల్లల చదువు పరీక్షించాలి. ఒక్కొక్కరినీ కుర్చీ దగ్గరికి పిలిచి అక్షరాలు, పదాలు, వాక్యాలు, చివర ఒక చిన్న కథ చదివించి, ఎంతవరకు వచ్చో ఆ గడిలో టిక్కు పెట్టాలి. ఏడాది చివర మళ్లీ అదే పరీక్ష. రెండింటి మధ్య తేడాను బట్టే మా పనితనం. అంతకు ముందు ఏడాది నేను ఉన్నదున్నట్టు రాశాను. మొదట్లోనే బాగా చదివిన పిల్లలు చివర్లోనూ బాగానే చదివారు. మీటింగులో నన్ను నిలబెట్టి, ఎదుగుదల లేని బడి మీదొక్కటేనన్నారు. తల కొట్టేసినట్టయింది. పక్కన కూర్చున్న టీచరు నవ్వుతూ కిటుకు చెప్పింది: మొదట తక్కువ రాయి, చివర ఎక్కువ రాయి, అంతే.

మరుసటి ఏడాది బడి తెరిచిన సోమవారమే మూడో తరగతి నాగలక్ష్మి వచ్చింది. గొర్రెలు కాసుకునే ఇంటి పిల్ల. రెండేళ్లు నా దగ్గరే చదువుకుంది. కథ మొత్తం ఎక్కడా తడబడకుండా చదివి నా మొహంలోకి చూసింది.

“అయిపాయ మేడం. ఇంకోటి ఉందా?”

నేను అక్షరాల గడిలో టిక్కు పెట్టాను.

ఎవరికేం నష్టంలే అనుకున్నాను. కానీ ఆ ఏడాది కొత్తగా, టిక్కుల ప్రకారమే పిల్లల్ని జట్లుగా కూర్చోబెట్టి, చార్టు గోడకు అంటించమన్నారు. చూడ్డానికి ఎవరైనా వస్తే? ఆ భయంతో శనివారానికల్లా నాగలక్ష్మిని అక్షరాల వరుసలో కూర్చోబెట్టి, చేతికి అ, ఆ కార్డులిచ్చాను. రెండు మూడు రోజులు నా వంకే చూసింది. తర్వాత చూడడం మానేసింది. చాటుగానైనా ఒక కథల పుస్తకం ఇవ్వొచ్చు కదా? ఎందుకివ్వలేదు? తల్లిదండ్రులు వచ్చినప్పుడు ఆ చార్టును పైకి చదివింది కూడా నేనే.

దసరా సెలవులయ్యాక ఆ పిల్ల రాలేదు. బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉంటే, మందతో వాళ్ల నాయన ఎదురుపడ్డాడు. పాపను ఎందుకు పంపడం లేదని అడిగాను.

“అచ్చరాలే రాలేదని మీరే చదివినారు గదా మేడం. మూడేండ్లు కూచున్నా రాని సదువు ఇంగేడొస్తాది? గొర్రెల ఎంబడన్నా పోతాదిలే.”

ఆయన గొంతులో కోపం లేదు. నా మాట మీద నమ్మకం ఉంది. ఇప్పటికీ నన్ను కాల్చేది అదే. ఒక్క మాట చెబితే సరిపోయేది. చెబితే నేను రాసిందంతా అబద్ధమని తేలిపోతుంది. బస్సు వచ్చింది, ఎక్కాను.

ఏడాది చివర ఆ పిల్ల పేరు ఇంకా రిజిస్టరులో ఉంది. నాగలక్ష్మికి కథ గడిలో టిక్కు పెట్టాను. మీటింగులో మా బడికి చప్పట్లు కొట్టారు. సిగ్గు లేకుండా నవ్వాను.

తర్వాత బదిలీ అయింది. మళ్లీ ఆ ఊరు పోలేదు. ఇప్పుడామెకు పంతొమ్మిదేళ్లుంటాయి. తనకు చదువు రాదని తనే నమ్మేసిందేమో.

క్షమించమనను. అడగాల్సింది మిమ్మల్ని కాదు. ఆ రోజు రోడ్డు మీద మింగేసిన మాటను ఇన్నాళ్లకు బయటికి అంటున్నాను, అంతే.

అన్నా, నీ బిడ్డకు చదువొచ్చు. మొదటి రోజే కథంతా చదివింది. ఇంకోటి ఉందా అని అడిగింది.