ఒకే చోక్ మీద రెండు కత్తులు

1985 ఎండాకాలం. మాచర్ల బస్టాండుకు కాస్త ఎడంగా నాకొక లైటింగ్, మైకు సెట్ల షాపు ఉండేది. పెళ్ళిళ్ళకు సీరియల్ బల్బుల సెట్లు, తిరునాళ్ళకు ట్యూబులైట్లు, నాటకాలకు స్పాట్ లైట్లు అద్దెకివ్వడం, వెంట వెళ్ళి బిగించడం, అయిపోయాక విప్పుకుని రావడం నా పని. ఇందులో ఒక చిత్రముంది. పందిరంతా మనమే వెలిగిస్తాం, మనం మాత్రం పందిరి వెనక చీకట్లో జనరేటర్ పక్కన కూర్చుంటాం. ఊళ్ళో జరిగిన ప్రతి పెళ్ళికీ వెళ్ళాను కానీ ఒక్క పెళ్ళికొడుకు మొహమూ సరిగ్గా చూడలేదు. పెళ్ళి ఎలా జరిగిందని మా ఆవిడ అడిగితే, వోల్టేజీ బాగానే ఉందని చెప్పేవాణ్ణి.

ఆ ఎండల్లో ఒక మధ్యాహ్నం లస్కర్ కోటయ్య షాపుకొచ్చాడు. లస్కర్ అంటే సాగర్ కాలువ మీద షట్టర్లు ఎత్తి దించే ఉద్యోగి. ఊరికి దూరంగా కాలువ గట్టు మీద ఒంటిగది క్వార్టరు, అందులో ఆయనొక్కడే. భార్య పోయింది, పిల్లలు లేరు. వేసవిలో కాలువ కట్టేస్తారు కాబట్టి ఆ నెలల్లో నీళ్ళ చప్పుడైనా తోడుండదు. అద్దె లైబ్రరీ నుంచి నవలలు తెచ్చుకుని చదివేవాడు. మంత్రగాళ్ళవి అయిపోయాక డిటెక్టివులవి, అవీ అయిపోయాక వేరే గ్రహాల కథలు పట్టుకున్నాడు.

"మస్తానూ, ఒక కత్తి చేసిపెట్టాలయ్యా," అన్నాడు.

"కత్తులు కొలిమి దగ్గర చేస్తారు కోటయ్యన్నా. నా దగ్గర బల్బులుంటయ్."

"అందుకే నీ దగ్గరకొచ్చా. ఇనప కత్తి గాదు, ఎలుగు కత్తి. చేతిలో పిడి ఒకటే ఉంటది. మీట నొక్కితే ఎలుగు బయటికొచ్చి కత్తై నిలబడాల. అట్టాంటివి రెండు."

ఎండ దెబ్బ తగిలిందేమోనని మంచినీళ్ళిచ్చాను. తాగి, స్టూలు లాక్కుని కూర్చుని, తను రాసిన నాటకం చెప్పాడు. సూర్యుడు చల్లారిపోయిన లోకమది. దీపం లేదు, నిప్పు లేదు. అక్కడి యోధుల దగ్గర మాత్రం శక్తి కత్తులుంటాయి. ఎవరి ఒంట్లో శక్తి వాళ్ళ కత్తిలో వెలుగుతుంది. ఊరికే వెలిగిస్తే ఒంట్లో సత్తువ అయిపోతుంది కాబట్టి పోట్లాటప్పుడే వెలిగిస్తారు.

"అంటే ఒకడి మొహం ఒకడు చూసుకునేది కొట్టుకునేటప్పుడేనా?" అన్నాను.

"అద్గదీ! నీకు తెలిసింది. మనిషి మొహం చూడాలంటే వాడితో కత్తి దూయాల్సిందే. అందుకే వాళ్ళు మాటిమాటికీ యుద్ధానికి పోతారయ్యా. చంపుకుంటానికి గాదు."

నాకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. ఆ కాలువ గట్టు మీద గది నేను చూశాను. అక్కడ కూర్చున్నవాడికే ఇలాంటి లోకం తోస్తుంది.

నాటకంలో పాత్రలు రెండే, ఇద్దరూ అన్నదమ్ములు. అన్న వేషం కోటయ్యది. తమ్ముడి వేషానికి ఎవరని అడిగితే తల దించుకుని, "మా వీరయ్య," అన్నాడు. నేను కూర్చున్నచోటు నుంచి లేచాను. ఎందుకంటే వీరయ్య ఆయన సొంత తమ్ముడు. ఇద్దరికీ అప్పటికి మూడేళ్ళుగా మాటల్లేవు.

సంగతేమిటంటే, ఒక ఏడు సాగర్‌లో నీళ్ళు తక్కువై వంతులు పెట్టారు. కాలువ చివరి పొలాలకు నీళ్ళు అందాలంటే పైనున్న తూములు కొన్నాళ్ళు కట్టేయాలి. పై తూముల్లో మొదటిది వీరయ్య పొలానిదే. కోటయ్య ముందుగా దాన్నే కట్టేసి తాళం వేశాడు. పొట్ట మీదున్న వరి ఎండిపోయింది. మిగతా రైతులు నాలుగు తిట్టి తర్వాత మర్చిపోయారు. వీరయ్య మర్చిపోలేదు. పొలం కౌలుకిచ్చేసి మాచర్ల నాపరాయి క్వారీలో పనికి చేరాడు, అన్న గడప తొక్కలేదు, తన గడప తొక్కనివ్వలేదు.

"చిన్నప్పుడు ఇద్దరం కలిసి ఎన్ని నాటకాలాడామో నీకు తెలవదు మస్తానూ. వాడికి స్టేజీ అంటే పిచ్చి. నువ్వెళ్ళి అడుగు. వాడి నోటెంట అన్నా అనే మాట ఒక్కసారి ఇనాలయ్యా. నాటకంలో అయినా సరే," అన్నాడు కోటయ్య. ఆ మాట అనేటప్పుడు నా మొహం కాకుండా షాపులో వేలాడుతున్న బల్బుల దండ చూస్తున్నాడు.

క్వారీకి వెళ్ళి వీరయ్యకు చెప్పాను. వింటూనే రాయి చెక్కాడు. తర్వాత, "కత్తులు నిజంగా ఎలుగుతయ్యా?" అన్నాడు. వెలుగుతాయన్నాను. "నాటకంలో అయితే మాట్లాడతా. బయట మాత్రం మాట్లాడను. అది ఆయనకి చెప్పు," అన్నాడు.

కత్తుల తయారీ చెబుతాను. రెండడుగుల ఇరవై వాట్ల ట్యూబు తీసుకుని, పిడికి ప్లాస్టిక్ పైపు ముక్క తొడిగి, దాని మీద పాత సైకిల్ ట్యూబు బిగించి చుట్టాను. ఒక ట్యూబుకు నీలం, ఇంకోదానికి ఎరుపు జిలటిన్ కాగితం. జిలటిన్ అంటే స్టేజీ లైట్ల ముందు పెట్టే రంగు కాగితం. వైరు చొక్కా చేతిలోంచి వీపు మీదుగా దిగి తెర వెనక నా పెట్టెలోకి వస్తుంది. పెట్టెలో చోక్ ఉంటుంది. ట్యూబు వెలగడానికి కరెంటును అదుపులో పెట్టే బరువైన ఇనప దిమ్మె అది. పెళ్ళిళ్ళ కాలం కాబట్టి షాపులో సామానంతా బయటికి పోయింది, మిగిలింది ఒకే ఒక్క నలభై వాట్ల చోక్. మా పనిలో అందరికీ తెలిసిన కిటుకొకటుంది. రెండు చిన్న ట్యూబులను ఒకదాని వెంట ఒకటి, అంటే సిరీస్‌లో కలిపితే, నలభై వాట్ల చోక్ ఒక్కటే రెండింటినీ వెలిగిస్తుంది. కాకపోతే ఒకటి ఆరితే రెండోదీ ఆరిపోతుంది.

ఇది కోటయ్యకు ముందే చెప్పాను. ఎందుకంటే ఆయన నాటకం చివర తమ్ముడు చచ్చిపోతాడు, వాడి కత్తి ఆరిపోతుంది, అన్న మాత్రం వెలిగే కత్తి పట్టుకుని ఒంటరిగా నిలబడాలి. పెళ్ళిళ్ళు అయ్యేదాకా ఆగితే ఇంకో చోక్ వస్తుంది, విడివిడిగా కలుపుతానన్నాను.

కోటయ్య రెండు ట్యూబులనూ, వాటిని కలిపిన వైరునూ చూశాడు. "వద్దులే. వాడిది ఆరిపోయినాక నాది ఎట్టా ఎలుగుద్ది? నువ్వు కలిపిందే కరెక్టు," అన్నాడు. అక్కడే కూర్చుని ముగింపు మార్చేశాడు. చచ్చిపోవడం తీసేశాడు. ఇప్పుడు రెండు కత్తులూ ఒక్కసారే ఆరిపోతాయి. చీకట్లో అన్న, "తమ్ముడూ, ఉన్నావా?" అంటాడు. తమ్ముడు, "ఉన్నాను అన్నా," అంటాడు. తెర పడుతుంది.

రిహార్సల్సు సాయంత్రాలు మా షాపు వెనక వసారాలో. ముందే ఇద్దరికీ గట్టిగా చెప్పాను. "ఇది గాజు. కత్తికి కత్తి తగిలిందా, పగిలి కళ్ళల్లో పడుద్ది, పైగా షాక్ కొట్టుద్ది. తగలకుండా కొట్టుకోవాల." కత్తులు తగలకుండా కత్తియుద్ధం చేయడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఎదుటివాడి మణికట్టు నుంచి చూపు తిప్పకూడదు. వాడు ఎటు కదులుతాడో వాడికంటే ముందు మనకు తెలియాలి. ఒకరి మొహం ఒకరు చూడకూడదని ఒట్టేసుకున్న మనుషులు రెప్ప వేయకుండా ఒకరినొకరు చూసుకుంటూ తిరిగారు.

డైలాగుల్లో గంభీరంగా మాట్లాడుకునేవాళ్ళు. డైలాగు అయిపోతే మధ్యలో నేను కావాలి.

"మస్తానూ, ఆయన్ని చెయ్యి కాస్త పైకి లేపమను," అంటాడు వీరయ్య, జానెడు దూరంలో నిలబడి.

"లేపానని చెప్పు," అంటాడు కోటయ్య.

"మీ ఇద్దరి మధ్యా ఇంకో వైరులా నన్ను లాగారు," అని విసుక్కునేవాణ్ణి. ఒకరోజు వీరయ్య కాలు జారి ముందుకు తూలాడు. ట్యూబు అతని మీద పగలకుండా కోటయ్య తన కత్తి వెనక్కి లాగి తనే గోడకు పడ్డాడు. వీరయ్య గబుక్కున ఒక అడుగు వేసి ఆగిపోయాడు. "దెబ్బ తగిలిందేమో అడుగు," అన్నాడు నాతో. "తగల్లేదని చెప్పు," అన్నాడు కోటయ్య మోచెయ్యి రుద్దుకుంటూ. నాకు ఇద్దరినీ చెరొకటి పీకాలనిపించింది.

అన్నా అనే మాట మాత్రం వీరయ్య నోట రాలేదు. అది వచ్చిన ప్రతిచోటా 'ఓ యోధుడా' అని దాటేసేవాడు. చివరి డైలాగు కూడా "ఉన్నాను" అని ఆపేసేవాడు. కోటయ్య ప్రతిసారీ ఆ మాట కోసం చూసేవాడు. రాకపోతే కత్తి జాగ్రత్తగా గుడ్డలో చుట్టి, సైకిలెక్కి కాలువ గట్టు మీదికి పోయేవాడు.

హైస్కూలు గ్రౌండులో నాటక పోటీలు పెట్టారు. మాది మొదటి నాటకం, చీకటి పడగానే మొదలు. నేను స్టేజీ పక్క తెర చాటున నా పెట్టె ముందు కూర్చున్నాను. స్టేజీ చీకటి చేసి మీట వేశాను. ట్యూబులు రెండు మూడుసార్లు కొట్టుకుని, నీలం, ఎరుపు ఒక్కసారి నిలబడ్డాయి. జనం నోళ్ళు మూతపడ్డాయి. ఆ తర్వాత ఈలలు. గాల్లో రెండు వెలుగులు తిరుగుతుంటే, వాటి మధ్య ఆ ఇద్దరి మొహాలు తప్ప ఇంకేమీ కనబడలేదు. ఒక్కసారి కూడా తగలలేదు. చోక్ గుర్రుమనడం వింటూ నేను కూడా చూశాను. నేను వెలిగించిన మొహాలు మొదటిసారి నాకూ కనబడ్డాయి.

యుద్ధం ముగిసింది. మీట తీశాను. రెండూ ఆరిపోయాయి.

చీకట్లో కోటయ్య గొంతు, "తమ్ముడూ, ఉన్నావా?"

వీరయ్య డైలాగు మర్చిపోయాడనుకున్నాను. అందిద్దామని నోరు తెరిచేలోపు వీరయ్య గొంతు వచ్చింది. నాటకం గొంతు కాదు.

"అన్నా... నీళ్ళెందుకు కట్టేశావు?"

జనం అది నాటకమే అనుకున్నారు. అది నాటకంలో లేని మాటని నాకు తెలుసు. కోటయ్య నాకు బాగా దగ్గర్లోనే ఉన్నాడు. ఊపిరి ఎగబీల్చుకోవడం వినబడింది, ఏడుస్తున్నాడు.

"నీ తూము ముందు కట్టకపోతే మిగతా తూములు కట్టే మొహం నాకేడుందిరా?"

"ఆ మాట ఆ రోజు చెప్పొచ్చుగా."

"చెప్తానికి గడప తొక్కనిచ్చావా?"

చెక్కల మీద ఒక అడుగు కదిలిన చప్పుడు. ఎవరో ఒకరు ఇంకొకరి వైపు వస్తున్నారు. ఎవరన్నది నాకు తెలియలేదు.

"చీకట్లో ఏం కనపడి చచ్చుద్దయ్యా, అయిపోయిందిగా, లైట్లెయ్యండి!" అంటూ పోటీలు పెట్టిన కమిటీ సెక్రటరీ అటువైపు నుంచి మెయిన్ స్విచ్చి వేసేశాడు. తప్పు ఆయనది కాదు. ఆయన చేతిలో ఇంకా నాటకాలున్నాయి.

స్టేజీ అంతా తెల్లగా వెలిగిపోయింది. కోటయ్య చెయ్యి చాచి ఉంది. వీరయ్య ఆ చేతికి దగ్గరగా వచ్చి ఆగి ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎదురుగా ఊరంతా ఉంది. వీరయ్య మొహం బిగుసుకుంది. కత్తి మెల్లగా కింద పెట్టి, వైరు ఊడదీసుకుని, నా పక్కనుంచే దిగి వెళ్ళిపోయాడు. కోటయ్య చాచిన చేత్తోనే జనానికి నమస్కారం పెట్టాడు. జనం చప్పట్లు కొట్టారు.

సామాను విప్పుతూ, "మాట్లాడాడుగా కోటయ్యన్నా. అన్నా అని కూడా అన్నాడు," అన్నాను.

"అన్నాడయ్యా," అన్నాడు. "కానీ ఎలుగొచ్చేసింది."

మళ్ళీ కాలువకు నీళ్ళు వదిలిన రోజుల్లో వీరయ్య షాపుకొచ్చాడు. బల్బు కావాలన్నాడు కానీ ఎన్ని వాట్లదో అతనికే తెలియదు. కాసేపు నిలబడి, "ఆ రోజు చీకట్లో ఆయన ఏడ్చాడా మస్తానూ? నాకు కనపళ్ళా," అన్నాడు.

"ఏడ్చాడు. కాలువ మీదికి బస్సుంది, వెళ్ళు. నన్ను అడిగేదేందీ, ఆయన్నే అడుగు."

"లైట్లు ఏసినప్పుడు ఆయన మొహం చూశానయ్యా. నా వరిలాగే ఎండిపోయుంది, నేనే ఎండబెట్టినట్టుంది. ఆ మొహం ముందుకెళ్ళి ఏం మాట్లాడను?"

బల్బు తీసుకోకుండానే క్వారీ వైపు నడిచిపోయాడు. మరుసటి ఏడు కోటయ్యను ఇంకో కాలువ సెక్షనుకు బదిలీ చేశారు. వెళ్ళేముందు షాపుకొచ్చి, వీరయ్య ఎప్పుడైనా కనపడ్డాడా అని అడిగాడు. కనపడ్డాడనీ, తన గురించి అడిగాడనీ చెప్పాను. తల ఊపి, సంచి భుజాన వేసుకుని బస్సెక్కాడు. ఆ అన్నదమ్ములు మళ్ళీ మాట్లాడుకున్నట్టు నేను వినలేదు.

మనుషులకు వెలుగు కావాలని కోటయ్య నాటకం రాశాడు. నేనూ బతుకంతా అదే నమ్మి వైర్లు లాగాను. కానీ వాళ్ళిద్దరికీ మాట వచ్చింది మాత్రం లైటు ఆరిపోయిన ఆ కాసేపట్లోనే. ఆ తర్వాత చాలా నాటకాలకు లైట్లు పెట్టాను. చివరి చీకటి పడ్డాక ఎవరు అరిచినా వెంటనే మెయిన్ వేయను, ఇంకొకరిని వేయనివ్వను. జనం తిడతారు, కమిటీవాళ్ళు కసురుకుంటారు. మాట పూర్తికానివాళ్ళు ఎవరైనా ఉన్నారేమోనని, నేను ఇంకాసేపు ఆగుతాను.