ఐరన్ అడిగిన హెప్సిబా

హెప్సిబాకు కోపం ముక్కు మీదే ఉంటుందని బందరులో ఆమె దగ్గర టైపు నేర్చుకున్నవాళ్ళందరూ చెబుతారు. ఉంటుంది మరి. అదే లేకపోతే ఈ ఊళ్ళో ఒక ఆడమనిషి సోల్డరింగ్ ఐరన్ కొనుక్కోగలదా?

సొంతంగా టైప్ ఇన్‌స్టిట్యూట్ నడుపుకుంటోంది. నలభై దాటాయి, పెళ్ళి వద్దనుకుంది. సాయంత్రం మిషన్లకు గుడ్డలు కప్పేశాక ఆమెకు ఎలక్ట్రానిక్స్ పిచ్చి. పత్రికల్లో బొమ్మలు చూసి సర్క్యూట్లు కడుతుంది. గుమ్మంలో పాట పాడే బెల్లు, ట్యాంకు నిండితే కూసే అలారం, అన్నీ ఆమె చేతివే. ఇన్నాళ్ళూ తీగలు అతికించే ఐరన్ ఎదురింటి టీవీ మెకానిక్ దగ్గర అరువు తెచ్చుకుని పని కానిచ్చేది. అతను కాస్తా షాపు ఎత్తేసి బెజవాడ వెళ్ళిపోయాడు.

తొంభై ఎనిమిదిలో ఆమె తలపెట్టిన పని మాత్రం సరదాకి కాదు. తల్లి సౌభాగ్యమ్మకు చెవులు బొత్తిగా వినపడటం మానేశాయి. ఏదో క్యాంపులో ఇచ్చిన వినికిడి మిషను చెవిలో కీచుమంటుంటే విసుగుపుట్టి తీసి బియ్యం డబ్బాలో పడేసింది. అప్పట్నుంచి ఇంటికొచ్చినవాళ్ళు ఆవిడ ఎదురుగా కూర్చుని ఆవిడ గురించే మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ప్రార్థనకు ఎందుకు, ఆవిడకు వినపడదుగా. పెళ్ళికి ఎందుకు, ఆవిడకు వినపడదుగా. ఆ మాట వింటే హెప్సిబాకు ఒళ్ళు మండిపోయేది. చిన్న మైకు, యాంప్లిఫయరు, టేప్‌రికార్డరు హెడ్‌ఫోన్లు కలిపి జేబులో పట్టే పెట్టె ఒకటి చేస్తే అమ్మ మళ్ళీ మనుషుల్లో పడుతుంది. అదీ ఆమె పట్టుదల.

ముందు ఐరన్ కావాలి. కోనేరు సెంటర్ దగ్గర ఒక షాపుకి వెళ్ళి అడిగితే, షాపతను ఇస్త్రీ పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది కాదండీ, సోల్డరింగ్ ఐరన్."

"ఓహో, టంకానికా? మీవారు ఏం చేస్తారమ్మా?"

"మావారు లేరండీ. నాకే కావాలి."

అతను అయ్యో పాపం అన్నట్టు ముఖం పెట్టి, బారెడు ఐరన్ ఒకటి కిందికి దించాడు. "అరవై వాట్లు. బిందెకి చిల్లి పడ్డా మాటు వేసుకోవచ్చు."

"ఇరవై అయిదు వాట్లది ఇవ్వండి. మొన సన్నగా ఉండాలి. బోర్డు మీద రాగి పూత పల్చగా ఉంటుంది, వేడెక్కితే లేచిపోతుంది."

"వాట్లు ఎంతుంటే అంత మంచిదమ్మా. ఆడవాళ్ళకి తెలీదు, నా మాట వినండి."

గిలకలదిండి చేపల రేవులో రొయ్యలు అడిగినవాడి సంచిలో సొరచేప పడేసి, నా మాట వినమంటే ఎవడైనా ఊరుకుంటాడా? హెప్సిబా ఊరుకోలేదు, షాపు బయటి జనం తిరిగి చూసేలా దులిపేసింది. కానీ ఆ రోజు ఊళ్ళో దొరికింది అదొక్కటే. పళ్ళు నూరుకుంటూ అదే కొంది. ఇంటికొచ్చి మొన ఆనించిందో లేదో, బోర్డు మీది రాగి గీత ఉల్లిపొరలా ఊడి వచ్చేసింది. అది చూసి ఏడుపొచ్చింది, ఏడుపు కంటే ముందు మళ్ళీ కోపమే వచ్చింది.

రెండో బోర్డుకి అన్న బాబూరావు అడ్డుపడ్డాడు. చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగల పని అతనిది. అతనికి టంకం అంటే నగల టంకమే.

"చిలకలపూడివాడి చెల్లెలివై ఉండి టంకానికి ఊళ్ళోవాళ్ళ కాళ్ళు పట్టుకుంటావా? ఇటివ్వు," అని బోర్డూ, దానికి అతికించాల్సిన మైకూ సామాన్లూ తీసుకుపోయాడు. మర్నాడు తళతళలాడుతూ తెచ్చి చేతిలో పెట్టాడు. అతుకులు నిజంగానే ముద్దొచ్చేలా ఉన్నాయి. హెప్సిబా బ్యాటరీ తగిలించింది. కిమ్మనలేదు. మైకు వాసన చూస్తే కుంకుడుకాయ వాసన.

"అన్నయ్యా, దీన్ని ఏం చేశావు?"

"ఏం చేస్తాను? ద్రావకం పూసి అతికించాను. తర్వాత కుంకుడు రసంలో వేసి బ్రష్షుతో రుద్దాను. టంకం వేశాక కడగకపోతే నల్లబడదూ?"

గొలుసు కడిగినట్టు మైకును కడిగేశాడు మహానుభావుడు! ఆ పూట అన్నకు కాఫీ కూడా ఇవ్వలేదు హెప్సిబా.

మర్నాడే గుడివాడ బస్సెక్కింది. అక్కడ గోవర్ధనరావు గారని రేడియో సామాన్ల షాపాయన. పాపం ఆయన నోరు తెరవక ముందే అందుకుంది. "నాకు భర్త లేడు, బిందెకు చిల్లి లేదు, నగలు అతికించను. ఇరవై అయిదు వాట్ల సోల్డరింగ్ ఐరన్ కావాలి. ఉందా లేదా?"

"ఉందండీ," అన్నాడాయన బిత్తరపోయి.

ఉన్నవన్నీ బల్ల మీద పెట్టించింది. మొన కదిలేవాటిని పక్కకు నెట్టింది. రెండు పిన్నుల ప్లగ్గు వద్దంది, ఎర్తు ఉండాలంది. పెన్ను పట్టుకున్నట్టు ఒక్కోదాన్నీ పట్టుకుని, వైరు బరువుకి చెయ్యి వెనక్కి లాగుతోందేమో చూసింది. చివరికి ఒకదాన్ని ప్లగ్గులో పెట్టించి సీసపు తీగ ఆనించింది. తీగ మెత్తగా కరిగి మొనకు అంటుకుంది. పిడి మాత్రం చల్లగానే ఉంది. ద్రావకంతో పని లేకుండా, లోపల టంకం పట్టించే జిగురు నింపిన సీసపు తీగ, పాడైన మైకుకి బదులు కొత్తదీ కొంది. ఇంతా చేస్తే ఆయన ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. బస్సులో అది తలచుకుని కాస్త సిగ్గుపడింది.

ఆదివారం చర్చి నుంచి బాబూరావు వచ్చేసరికి పెట్టె తయారైంది. తల్లికి హెడ్‌ఫోన్లు పెట్టి స్విచ్చి వేసింది హెప్సిబా. సౌభాగ్యమ్మ కళ్ళు మిటకరించిందే గానీ ఏమీ అనలేదు. అదెందుకో ఒక్కసారీ అడగని బాబూరావు అదేదో పాటల పెట్టె అనుకున్నాడు.

"వానలు తగ్గాక అమ్మని మా ఇంటికి తీసుకెళ్తానే. నీ దగ్గర ఎంతకాలమని?" అన్నాడు.

"ఏం అక్కర్లేదు. అమ్మ ఇక్కడే ఉంటుంది."

"నువ్వు క్లాసులకి పోతే చూసేదెవరు?"

"నేనే చూస్తా. ఇన్నాళ్ళూ చూసిందెవరు?"

"నన్నడిగారా?" అంది సౌభాగ్యమ్మ.

ఇద్దరూ గిరుక్కున తల్లివైపు చూశారు. తర్వాత హెప్సిబా ముఖం వెలిగిపోయింది. "విన్నావా అన్నయ్యా? ఇన్నాళ్ళుగా నేను మొత్తుకునేది ఇదే!"

"నువ్వు మాత్రం అడిగావా?" తల్లి ఆమెవైపు తిరిగింది. "ఈ పెట్టె కావాలా అని ఒక్కసారైనా అడిగావుటే? తెచ్చి నెత్తిన పెట్టావు. నేను కట్టే చీర నువ్వే ఎంచుతావు, కూర నువ్వే అనుకుంటావు. వాడు అడగకపోతే వాడి మీద అరుస్తావు."

హెప్సిబాకు చెంప ఛెళ్ళుమన్నట్టయింది. కోపం మామూలుగానే ముక్కు దాకా వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియలేదు. కుర్చీ లాక్కుని తల్లి ఎదురుగా కూర్చుంది.

"ఎక్కడ ఉంటావమ్మా?"

"అవనిగడ్డలో, మా చెల్లెలు కొండమ్మ దగ్గర. వెళ్తే దాని మాట వినపడక ఊరికే తలూపాలని ఇన్నాళ్ళూ వెళ్ళలేదు. రేపు బస్సెక్కించు." సౌభాగ్యమ్మ పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసింది. "దీని సౌండు ఎలా పెంచాలో చెప్పు. కొండమ్మది చిన్న గొంతు."