గులాబీ పూత

సూర్యాపేటలో బీఎస్సీ చదివిన ఎస్తేరుకు 1986లో కోదాడ శివారులోని ఒక చిన్న మందుల కంపెనీలో ఉద్యోగం దొరికింది. క్షయ రోగుల కోసం రెండు మందులు ఒకే బిళ్లలో కలిపి అమ్మాలని యజమాని జగదీశ్ ఆలోచన. మందు ఒక్కటే బిళ్లగా నిలవదు. వేరే పొడి ఏదో ఒకటి కలపాలి. ఏ పొడి మందుతో ఇముడుతుందో, ఏది దాన్ని చెడగొడుతుందో తేల్చడం ఎస్తేరు పని. మందునూ పొడినీ కలిపి సీసాల్లో పోసి, తేమ తగిలేలా వేడిలో ఉంచి, తీసి చూసేది.

పాలచక్కెర కలిపిన సీసా పసుపెక్కింది. పరీక్షిస్తే ఒక మందు బలం బాగా పడిపోయింది. కలప గుజ్జు నుంచి తీసిన పొడి కలిపిన సీసా మాత్రం తెల్లగానే ఉంది.

"పాలచక్కెర వద్దు సార్. మందు పాడైతది" అంది ఎస్తేరు.

"గుజ్జు పొడి ఖరీదెక్కువమ్మా. పసుపు కనపడకుండా గులాబీ పూత వేయిద్దాం" అన్నాడు జగదీశ్.

వేయించాడు. బిళ్లలు బజారుకెళ్లాయి.

ప్యాకింగ్‌లో పనిచేసే రంగి దగ్గర్లోని తండా మనిషి. మధ్యాహ్నం ఎస్తేరు పక్కనే కూర్చుని తినేది. రంగి భర్త భీమ్లాకు క్షయ. జగదీశ్ ఆ బిళ్లలే అతనికి ఉచితంగా ఇస్తుంటే రంగి చేతులెత్తి మొక్కేది.

"అవి పనిచెయ్యవు రంగీ. సూర్యాపేట దవాఖానకు తీస్కపో."

"సేటు ఊకెనే ఇస్తుండని నీకెందుకు కడుపుమంట?"

భీమ్లా చిక్కిపోతూనే ఉన్నాడు. ఆగలేక ఎస్తేరు మందుల అధికారులకు ఫిర్యాదు చేసింది. వాళ్లొచ్చి, బిళ్లలు పరీక్షకు పంపి, చివరికి కంపెనీకి తాళం వేశారు. పని పోయిన ఆడవాళ్లు గేటు ముందు ఎస్తేరు మీద దుమ్మెత్తి పోశారు. బిళ్లలు ఆగిపోయాక రంగి దవాఖానకు ఒప్పుకోక తప్పలేదు. ఎస్తేరే భీమ్లాను సూర్యాపేట తీసుకెళ్లింది.

"బలం లేని మందు మింగి మింగి రోగం మొండికేసింది. ఆలస్యం చేశారు" అన్నాడు డాక్టర్.

ఆ ఎండాకాలమే భీమ్లా రక్తం కక్కుకుని పోయాడు. తండాకు వెళ్లిన ఎస్తేరును రంగి వాకిట్లోనే ఆపింది.

"సేటు గోళీలు మింగినన్నొద్దులు బతికే ఉండె. నువ్వు బంద్ చేపిచ్చినవ్, సచ్చిండు. పో ఈడికెల్లి!"

ఎస్తేరు వెనక్కి తిరిగింది. చెప్పినా ఆ వాకిట్లో వినేవాళ్లు లేరు.

ఆ తర్వాత ఏ కంపెనీ ఆమెను చేర్చుకోలేదు. గరిడేపల్లిలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పుకుంటూ బతికింది. బడి మూతపడ్డాక, 1994లో, జగదీశ్ మిర్యాలగూడలో బావమరిది పేరున మళ్లీ కంపెనీ పెట్టాడని తెలిసి, సిగ్గు చంపుకుని వెళ్లింది.

జగదీశ్ టీ తెప్పించాడు. "నువ్వు చెప్పిన గుజ్జు పొడే వాడుతున్నామమ్మా. బిళ్ల తెల్లగా నిలుస్తోంది. మంచి పేరొచ్చింది."

"ఏదన్న పని ఇయ్యండి సార్."

"నాదేముంది? మా వాళ్లు ఒప్పుకోవాలిగా" అని నవ్వి, ప్యాకింగ్ మేస్త్రీని పిలిచాడు. వచ్చింది రంగి.

రంగి ఆమెను ఎగాదిగా చూసింది. "ఈమె లోపలికొస్తే మేమంత బయటికి పోతం సేటూ" అని, తిరిగి పనిలోకి వెళ్లిపోయింది.

"విన్నావుగా" అన్నాడు జగదీశ్. "టీ తాగి వెళ్లు."

ఎస్తేరు టీ తాగింది. పొద్దుటి నుంచి ఆమె ఏమీ తినలేదు.