మా ఏసీకి బయట లేదు

బయట పెట్టాల్సిన యంత్రాన్ని తెచ్చి కార్ఖానా లోపల పెట్టుకున్న తెలివైనవాడు భివండి మొత్తానికి ఒక్కడే ఉండేవాడు. అతని చొక్కాలు ఇప్పటికీ నేనే తొడుక్కుంటున్నాను. యంత్రం డబ్బా మీద ‘అవుట్‌డోర్ యూనిట్’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. చదివాను కూడా. ఇంగ్లీషు రాక చేసిన పని కాదది, బుద్ధి రాక చేసింది.

అయితే నా తెలివితక్కువతనానికి కాస్త వంశచరిత్ర ఉంది. పవర్‌లూమ్‌ను మేము సాంచా అంటాం. సాంచాల మధ్య పుట్టినవాడికి యంత్రమంటే కప్పు కింద ఉండాల్సిన వస్తువు. మా నాన్న కామత్‌ఘర్‌లో మొదటి సాంచా కొన్నప్పుడు షెడ్డుకు ఇంకా రేకులు పడలేదట. రేకులు పడేదాకా సాంచాను గదిలో ఉంచి, ఇంటిల్లిపాదీ బయట పడుకున్నారట. యంత్రం లోపల, మనుషులు బయట. అలాంటి ఇంట్లో పెరిగినవాడి చేతికి కొత్త యంత్రాన్ని ఇచ్చి, దీన్ని ఎండకూ వానకూ వదిలెయ్ అంటే మనసెట్లా ఒప్పుతుంది?

మనసు ఒప్పినా మా ఇంటి సేటు ఒప్పుకోలేదు. ముందు ఏసీ ఎందుకు వచ్చిందో చెప్పాలి.

రెండు వేల సంవత్సరం దాటాక వచ్చిన ఎండాకాలాల్లో ఒకటి. కింద నాలుగు సాంచాలు, వాటి పైన చెక్కల నేల మీద మా కాపురం, ఆ పైన రేకులు. చప్పుడుతో మాకు ఏ పేచీ లేదు. సాంచాలు ఆగిపోతేనే ఉలిక్కిపడి నిద్ర లేచేవాళ్లం. పేచీ అంతా దూదితో. నూలు నడిచినంతసేపూ సన్నటి పీచు గాలిలో లేస్తూనే ఉంటుంది. అన్నం మీద, దేవుడి పటాల మీద, కనురెప్పల మీద వాలుతుంది. పెళ్లై వచ్చిన నాటి నుంచీ మా ఇంటామె ఆ పీచులోనే కూర్చుని కండెలు చుట్టింది. చివరికి ఆ పీచు ఆమె ఛాతీలో కాపురం పెట్టింది. మాట మొదలుపెడితే దగ్గుతో ముగిసేది.

“కిటికీలు మూసుకుని ఉండాలి, దూది గదిలోకి రాకూడదు” అన్నాడు డాక్టరు. వైశాఖంలో, రేకుల కింద, కిటికీలు మూసుకుని! దగ్గుతో పోకపోతే ఉక్కతో పోవాలి. చుట్టాలంతా ఒకటే మాట అందుకున్నారు: ఊరికి పంపు. మొదట వానలు పడేదాకా అన్నారు. తరువాత, ఇక అక్కడే ఉండనియ్యరాదా అన్నారు. ఆమె ముందే అన్నారు.

“నేనెందుకు పోత?” అంది ఆమె. “ఊరికి పోతె దగ్గు పోతదో పోదో గని, నా ఇల్లయితె పోతది. సగం జలమ ఈడనే అయిపాయె. నేను పోను. గా దూదినే పొమ్మను.”

దూదికి పొమ్మని చెప్పే ధైర్యం నాకు లేదు. అది వెళ్లిపోతే మా బతుకూ దాని వెంటే వెళ్లిపోతుంది. అందుకని ఠాణాలో ఏదో ఆఫీసు మూసేస్తుంటే, అక్కడి పాత ఏసీ ఒకటి తెచ్చాను. గోడకు పెద్ద బొక్క పెట్టి బిగించే రకం కాదు. ఒక ముక్క గదిలో, ఒక ముక్క బయట. మధ్యన రాగి గొట్టం. మొగుడూ పెళ్లాల్లో ఒకరిని ఊరికి పంపకుండా కాపాడుతుందని తెస్తే, తానే రెండు ముక్కలుగా వచ్చింది.

టెంపోలోంచి దించుతుంటే గల్లీ అంతా పండగ చేసుకుంది. ఎదురు కార్ఖానా అతను తలుపు దగ్గరికొచ్చి అరిచాడు: “అరే భాయ్, సాంచలు నడిపెటోనికి ఏసీనా? ఇగ సాంచలకు గూడ పెట్టిస్తవా?”

పై కిటికీలోంచి మా ఇంటామె జవాబు వచ్చింది: “పెట్టిస్తం! నువ్వొచ్చి దాని కాడ కూసో. నీ నోరన్న సల్లవడ్తది.”

గల్లీ నోరు అట్లా మూయించవచ్చు. సేటు సంగతి వేరు. మేము పగిడీ కిరాయిదారులం, ముందే పెద్ద మొత్తం కట్టి తక్కువ కిరాయికి ఏళ్ల తరబడి ఉండేవాళ్లం. అంటే ఇల్లు మాదే అన్నట్టు ఉంటుంది, మాది కానట్టూ ఉంటుంది. పండగకు సున్నం వేసేటప్పుడు మాది, మేకు కొట్టేటప్పుడు ఆయనది. నెల మొదట్లో కిరాయికి వచ్చి, మా వాకిలి ముందరి అరుగు మీద నీడలో కుర్చీ వేయించుకునేవాడు. నేను చాయ్ తెప్పించేవాణ్ని. ఆయన తాగుతూ లోకం ఎట్లా చెడిపోతోందో చెప్పేవాడు. లోకంలో ఎక్కువ భాగం కిరాయిదారులే ఉన్నట్టు ఉండేది ఆ వర్ణన.

బయటి గోడకు యంత్రం బిగించుకుంటానని అడిగాను. ఆయన గొడుగు మొన ఎత్తి మొదట తలుపును, తరువాత గోడను చూపించాడు.

“అందర్ తుమ్హారా, బాహర్ హమారా.”

లోపల నీది, బయట నాది. అక్కడితో ఆగలేదు. ఇవాళ ఇనుప బ్రాకెట్ బిగిస్తావు, రేపు దాని మీద పూలకుండీ పెడతావు, ఎల్లుండి గోడే నాదంటావు, మీ కిరాయిదారుల జాతి మొత్తం నాకు తెలుసు అన్నాడు.

“పోనీ రేకుల మీద పెట్టుకుంట సేట్” అన్నాను మా బజారు హిందీలో.

“రేకులు ఇంటికి లోపలా, బయటా?” అని నన్నే అడిగాడు. నేను ఆలోచించేలోగా ఆయనే తేల్చేశాడు: “బయట!”

లేచి వెళ్తూ సలహా కూడా ఇచ్చాడు. ఏసీ అమీరోళ్ల షోకు, బీబీని గావ్‌కు పంపించెయ్ అని. పైన కిటికీ అవతల దగ్గు ఒక్క క్షణం ఆగింది. వింటోందని అర్థమైంది. నేను నేతవాణ్నే గాని నేతను కాను, ఉపన్యాసాలు రావు. ఖాళీ చాయ్ గ్లాసు తీసుకుని లోపలికి వచ్చేశాను.

బయట మొత్తం సేటుదైనప్పుడు మిగిలింది లోపలే. పైగా నాన్నగారి సంప్రదాయం ఎలాగూ ఉంది. కార్ఖానా మూలన, వరసలో మొదటి సాంచా వెనక చెక్క వేసి, యంత్రాన్ని నీడపట్టున కూర్చోబెట్టించాను. బిగించే అతను “సేట్, యే బాహర్‌వాలా హై” అని, ఇది బయట పెట్టేదని ఒకసారి గొణిగాడు. నేను “మాకు బయట లేదు భాయ్” అన్నాను. ఆ జవాబు అతనికి ఎంత అర్థమైందో తెలియదు గాని, చెప్పినచోట బిగించి వెళ్లిపోయాడు.

పైన అద్భుతం జరిగింది. కిటికీలన్నీ మూసి, నడి మధ్యాహ్నం, మా ఇంటామె దుప్పటి అడిగింది. “సల్లగున్నది” అంది. ఆ మాట చివర దగ్గు రాలేదు.

కింద ఇంకో అద్భుతం మొదలైంది. పైగదిలోని వేడినంతా ఆ యంత్రం భద్రంగా మోసుకొచ్చి కార్ఖానాలో కుమ్మరించడం మొదలుపెట్టింది. నూలుకు తేమ ఉండాలి. ఎండాకాలంలో మేము నేల తడుపుతాం, తడి గోనెసంచులు వేలాడదీస్తాం, అయినా దాన్ని బుజ్జగిస్తూనే ఉండాలి. అలాంటి పడుగు మీదికి నేను స్వయంగా వడగాలిని పిలిచి కూర్చోబెట్టాను. మొదటి సాంచా మీద పోగు తెగింది. ముడివేసేలోపు పక్కది తెగింది. అది ముడివేసేలోపు నాలుగు తెగాయి.

మొదటి సాంచా నడిపే కారీగరు మా జిల్లావాడు, నాకు మామ వరస. ముడులు వేసి వేసి తలెత్తాడు.

“అల్లుడా, ఇది ఏసీయా, పొయ్యా?”

“ఏసీయే మామా. చల్లదనం పైన ఉన్నది.”

“ఔ మల్ల. నువ్వు పైనున్నవ్, మేం కిందున్నం. మంచిగ పంచినవ్.”

ఇంకో కష్టం కూడా ఉంది. ఆ యంత్రం వెనక నుంచి గాలి పీలుస్తుంది. కార్ఖానాలో గాలి ఎంతో దూదీ అంతే. కొద్దిరోజులకే దాని వీపంతా తెల్లటి గడ్డం పెరిగింది. ఒకనాడు మా ఇంటామెలాగే ఆయాసపడి, మూలిగి, ఆగిపోయింది. పైన గది ఉడికిపోయింది. కిటికీ తెరవక తప్పలేదు, తెరవగానే దగ్గు వచ్చింది. కింద మొదటి సాంచా ఎప్పుడో ఆగింది. పైనా లేదు, కిందా లేదు చల్లదనం. ఇంత సమానంగా నేను దేన్నీ పంచలేదు.

“ఇగ గీ పడుగును గూడ ఊరికి పంపుదమా అల్లుడా?” అన్నాడు మామ, తెగిన పోగులు చూపించి.

ఆ మాట ఆమె చెవిన పడింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మెట్లు దిగి వచ్చింది. పడుగును చూసింది, యంత్రం గడ్డాన్ని చూసింది, చివరగా నన్ను చూసింది.

“ఎవలు పోరు ఊరికి. నేను పోను, పడుగు పోదు. పోయేది గీ డబ్బనే. దీన్ని బయటికి గుంజు.”

“బయట సేటుది గదా.”

“అరుగు ఎవలది?”

అంతకుముందు వానల్లో మోరీ నీళ్లు కొట్టి అరుగు సగం కూలింది. సేటుకు కబురు పంపితే, ఓటా తుమ్హారా హై, తుమ్ సంభాలో అన్నాడు. అరుగు నీది, నువ్వే చూసుకో అని. నేనే బండలు తెచ్చి, నేనే సిమెంటు కలిపి కట్టాను. కట్టిన చేతులు నావే, మరచిపోయిన బుర్రా నాదే. పోగులు తెగినందుకు ఒక లాభం మాత్రం జరిగింది. నాకు తెగింపు వచ్చింది.

కార్ఖానా లోపలే వెనక మూలన, నాన్న కొన్న తొలి సాంచా తాలూకు ఇనుప చట్రం ఎప్పటినుంచో పడి ఉండేది. ఎంతమంది అడిగినా తుక్కుకు అమ్మనివ్వలేదు ఆయన. దాన్ని తోమి, కాళ్లు కోయించి పొట్టిగా చేసి, అరుగు మీద ఒక చివర నిలబెట్టాం. దాని మీద యంత్రాన్ని ఎక్కించాం. వీపుకు గాలి ఆడేలా, మొహం ఎవరి వాకిలికీ ఎదురుగా కాకుండా, మా అరుగు పొడవునా ఊదేలా. రాగి గొట్టాన్ని తలుపు మీది వెంటిలేటర్‌లోంచి లోపలికి తెచ్చి, చెక్కల సందులోంచి పైకి పంపాం. గోడకు ఒక్క మేకు తగల్లేదు. ఏసీ గదిలోంచి కారే నీళ్లకు కింద బకెట్ పెట్టాం. కారీగర్లు ఆ నీళ్లే చల్లి నేల తడిపేవాళ్లు. మామ దానికి “మా వాటా” అని పేరు పెట్టాడు. అరుగు మీదికీ దూది వస్తుంది, కాదనను. శుక్రవారం సాంచాల సెలవునాడు బ్రష్ తీసుకుని యంత్రం వీపు రుద్దడం నా పని. పెళ్లైన కొత్తలో కూడా ఎవరికీ అంత సేవ చేయలేదని ఆమె దెప్పేది.

నెల మారింది. సేటు వచ్చాడు. గొడుగు పైకి లేచింది.

“యే క్యా హై? బాహర్ హమారా బోలా థా నా?”

మామ పని ఆపి బయటికి వచ్చాడు. చేతిలో ఒక పోగు. దాన్ని రెండు చేతులా పట్టుకుని, యంత్రానికీ గోడకూ మధ్య పైనుంచి కింది దాకా దించాడు. ఎక్కడా తట్టుకోకుండా దిగింది.

“గోడను ముట్టలే సేట్. సూస్కోండ్రి.”

సేటు వంగి చూశాడు. గోడలో మేకు వెతికాడు, దొరకలేదు. గొడుగు అరుగు వైపు తిరిగింది. అంతలో పై కిటికీ రెక్క కాస్తే తెరుచుకుంది, దూది రానంత, మాట మాత్రం పోయేంత.

“ఓటా తుమ్హారా హై బోలే థే నా సేట్? సంభాలో బోలే థే. సంభాల్ రహే!”

చూసుకోమన్నారుగా, చూసుకుంటున్నాం అని దగ్గు లేకుండా ఒక్క ఊపిరిలో అంది. రెక్క మూసుకుంది. ఎదురు కార్ఖానా అతను తలుపు వెనక్కి వెళ్లి మరీ నవ్వాడు. సేటు గొడుగు నెమ్మదిగా దిగింది.

ఇక ఆయన కుర్చీ. ఎప్పుడూ వేసే నీడ చోటులో ఇప్పుడు నాన్నగారి చట్రం నిలబడి ఉంది. మర్యాదకు లోటు రాకూడదు. కుర్చీని తువ్వాలుతో శుభ్రంగా తుడిచాను. అరుగు నాది కాబట్టి దాని రెండో చివరన ఒక మెట్టు కిందికి దిగి, ఆయనది అయిన నేల మీద, యంత్రం ఊదే దారికి సూటిగా వేశాను.

“బైఠో సేట్.”

నిలబడి కిరాయి తీసుకుంటే ఆయన గౌరవం ఏమైపోవాలి? కూర్చున్నాడు. చాయ్ వచ్చింది. పైన ఆమె ఏసీ జోరు పెంచిందని నేను చూడనక్కర్లేదు, ఆయన మొహం చూస్తే తెలిసింది. టోపీ తీశాడు, రుమాలు తీశాడు, గొడుగు తెరిచాడు. గొడుగు ఎండను ఆపగలదు గాని మా ఏసీని ఏం ఆపుతుంది? చేతిలో చాయ్ ఎంతకీ చల్లారలేదు. కిరాయిదారుల వల్ల చెడిపోతున్న లోకం గురించి ఆనాడు ఒక్క ముక్క చెప్పలేదు.

చివరికి మెడ తుడుచుకుంటూ, పైన చల్లగా ఉంది కదా, లోపల కూర్చుందామని ఎన్నడూ లేనంత ప్రేమగా అన్నాడు: “అరే భాయ్, చలో, అందర్ బైఠేంగే. ఊపర్ ఠండా హై నా?”

ఇన్నేళ్లలో సేటు ముందు నా నోట్లోంచి జవాబు వేళకు వచ్చింది అప్పుడే.

“నహీ సేట్. అందర్ హమారా, బాహర్ ఆప్‌కా.”

అని, చాయ్ హోటల్ వైపు తిరిగి, ఆయనకు ఇంకో చాయ్ చెప్పాను. బాగా గరంగా ఉండాలని మరీ చెప్పాను.