మందు కొట్టిన చేనికి ఎర్ర గుడ్డ

గోస్పాడు వైపు పల్లెల్లో మిరప చేనికి కలుపు తీయించాలంటే రైతులు ముందుగా దానమ్మనే అడుగుతారు. ఆమె వెంట పద్నాలుగు మంది ఆడవాళ్ల గుంపు ఉంది. ఏ రోజు ఎవరి చేనికి పోవాలో, ఆటో ఎక్కడికి రావాలో అన్నీ ఆమే చూసుకుంటుంది. యాభై ఏళ్ల మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది, మాట తక్కువ. పెళ్లయ్యాక బైబిలు చదువుకోవాలన్న కోరికతో చర్చిలో అక్షరాలు నేర్చుకుంది. ఆ చదువు చేలో పనికొస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

మూడేళ్ల కిందట ఒక ఉదయం శేషయ్య చేలో దిగారు. తాతల నాటి నుంచి భూమి ఉన్న ఇల్లు ఆయనది. పదెకరాల మిరప. దిగగానే ముక్కుకు ఘాటు తగిలింది. ఆకులు తడిగా ఉన్నాయి. అది మంచో పురుగుమందో ఎవరూ అడగలేదు. అడిగే అలవాటే లేదు. ఇంటికొచ్చాక చేతులు మండితే కొబ్బరినూనె రాసుకోవడం, తల పగిలిపోతుంటే గుడ్డ బిగించి పడుకోవడం, అంతే వాళ్లకు తెలిసింది.

పొద్దు నడినెత్తికి రాకముందే కరుణ సాలు మధ్యలో కూలబడింది. గుంపులో అందరికన్నా చిన్నది, పెళ్లయి ఏడాది. నోట చొంగ కారుతోంది, ఒళ్లంతా చెమట, కాళ్లూ చేతులూ వణుకు. ఆటోలో వేసుకుని నంద్యాల ఆసుపత్రికి పరుగెత్తారు. డాక్టరమ్మ ముందుగా అడిగింది ఒక్కటే.

"చేనికి ఏం మందు కొట్టినారు?"

ముప్పై ఏళ్లుగా చేలల్లో వంగి పని చేస్తున్న దానమ్మకు ఆ ఒక్క ప్రశ్నకు జవాబు తెలియలేదు. శేషయ్యకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. డాక్టరమ్మ లక్షణాలు చూసి వైద్యం చేసింది. నాలుగు రోజులకు కరుణ లేచి కూర్చుంది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక దానమ్మ గుంపునంతా చర్చి వెనక కూర్చోబెట్టి మాట్లాడింది. అక్కడి నుంచి నేరుగా శేషయ్య ఇంటికి పోయింది.

"మందు కొట్టిన దినం మాకు చెప్పల్లన్నా. మూడు దినాలు మేం చేలో దిగం. గట్టు మీద కట్టె నాటి ఎర్ర గుడ్డ కట్టు, చూసి పోతాం. ఏం మందో డబ్బా చూపియ్యి. మేం నీళ్లు తాగే కాలవలో డ్రమ్ము కడగొద్దు."

శేషయ్య కుర్చీలోంచి కదల్లేదు. "ఏందీ, కొత్త చట్టాలు పెడతాండావా? మూడు దినాలు ఆపితే కలుపు చేనంతా కమ్ముకుంటాది. మీరు రాకుంటే ఇంకొకరొస్తారు."

"రానీన్నా," అని దానమ్మ తిరిగొచ్చింది.

అన్నట్టే ఆయన వేరే ఊరి గుంపును పిలిపించాడు. మిగతా రైతులు కూడా ముఖం చాటేశారు. రెండు వారాలు పని లేదు. గుంపులో ఇద్దరు విడిపోయారు. ఉన్నవాళ్లు ఎదురు పడితే తల తిప్పుకునేవారు. తను తప్పు చేసిందేమోనని దానమ్మకు చాలాసార్లు అనిపించింది. కరుణను చూసొచ్చిన రోజు మాత్రం ఆ అనుమానం పోయేది.

ఒక సాయంత్రం శేషయ్య చేలో మందు కొట్టడం ఆమె కళ్లారా చూసింది. మర్నాడు పొద్దున్నే గట్టు మీద నిలబడింది. ఆటో దిగిన ఆడవాళ్లతో, "నిన్న మాపటేల కొట్టినాడు. మా పిల్ల ఒకతె ఇదే చేలో పడిపోయి నాలుగు దినాలు ఆసుపత్రిలో ఉండింది. దిగేదీ మానేదీ మీ ఇష్టం," అంది. వాళ్లు ముఖముఖాలు చూసుకున్నారు. ఒకామె ఆకు తుంచి వాసన చూసింది. కాసేపటికి అందరూ ఆటో ఎక్కారు.

శేషయ్య బండి మీద వచ్చాడు. "నా చేను కాడికొచ్చి నా కూలోళ్లను తిప్పి పంపుతావా?"

దానమ్మ గట్టు మీంచి కదల్లేదు. "ఆ డబ్బా ఒక్కసారి చూపియ్యన్నా."

ఆయన విసురుగా సంచిలోంచి డబ్బా తీసి చేతిలో పెట్టాడు. చీమల్లాంటి అక్షరాల మీద వేలు జరుపుతూ, కూడబలుక్కుంటూ, ఆమె పైకి చదివింది. విషం అని ఉంది. చేతికి తొడుగులు వేసుకోవాలని ఉంది. నీటి కాలువల్లో కడగరాదని ఉంది. శేషయ్య వింటూ నిలబడ్డాడు. అంగడివాడు ఇచ్చింది తెచ్చి కొట్టడమే తప్ప, ఆయన కూడా ఎప్పుడూ చదివినట్టు లేదు. డబ్బా తీసుకుని బండెక్కి వెళ్లిపోయాడు.

రెండో రోజు ఆయన భార్య రంగనాయకమ్మ దానమ్మ ఇంటికి వచ్చింది. ఆ వీధిలోకి ఆమె రావడం అదే మొదలు. మంచం మీద కూర్చుని రెండు అరచేతులూ చాపింది. తోలు ఊడి, పగుళ్లు తేలి ఉన్నాయి.

"ఆయన మందు కొట్టిన గుడ్డలు ఇన్నేండ్లుగా నేనే ఉతుకుతాండా దానమ్మా. సబ్బు పడక అనుకున్యా. డబ్బా మీద రాసిండేది ఆయన చెప్తే, రాత్రి ఈ చేతులు చూపిచ్చినా. రేపట్నుంచి నువ్వు చెప్పినట్టే కానీ అన్న్యాడు."

మర్నాడు గట్టు మీద ఎర్ర గుడ్డ ఎగిరింది. అది రంగనాయకమ్మ పాత చీర ముక్కే.

మందు కొట్టిన ప్రతిసారీ మూడు రోజుల పని ఆగిపోతుంటే శేషయ్య ఊరికే కొట్టడం తగ్గించాడు. ఆకులు తిప్పి, పురుగు ఉందో లేదో చూశాకే డబ్బా తెరుస్తున్నాడు. పన్నెండు సార్లు కొట్టే చోట ఇప్పుడు ఆరేడుకు దిగింది. పంట తగ్గలేదు. డ్రమ్ములు కాలువకు దూరంగా కడుగుతున్నారు. ఆయన్ను చూసి మరో నలుగురైదుగురు మారారు. మారనివాళ్లూ ఉన్నారు. నిన్న కొట్టి నాలుగు దినాలయిందని చెప్పేవాళ్లను దానమ్మ వాసనతోనే పట్టేస్తుంది. గుంపు వదిలిపోయిన ఇద్దరూ తిరిగొచ్చారు. కరుణ వరి నాట్లకు వస్తుంది గాని మిరప చేలో అడుగు పెట్టదు. ఆమెను ఎవరూ బలవంతం చేయరు.

మొన్న గురువారం ఆళ్లగడ్డ దగ్గర నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు. ఆ వైపు వీళ్లెప్పుడూ పోలేదు.

"రేపు పద్నాలుగు మంది కావల్లమ్మా, పొద్దున్నే రాండి."

"మందు ఎప్పుడు కొట్టినావన్నా?"

"ఈ పొద్దే."

"అట్లయితే సోమవారం వస్తాం," అంది దానమ్మ.

సోమవారం పొద్దున్నే పద్నాలుగు మందీ ఆటో ఎక్కి ఆళ్లగడ్డకు పోయారు.