మస్తాన్ డాక్టరుగారి కుడిచెయ్యి

స్కానింగ్ గదిలో యంత్రం టకటకమని కొట్టుకోవడం మొదలుపెడితే ఈ రోజుకీ నా కాళ్లు ఒకచోట నిలవవు. తెరమీద ఎవరిదో మెదడు పొరలు పొరలుగా తేలుతుంటే నాకు మస్తాన్ డాక్టరుగారు గుర్తుకొస్తారు. ఎనభైల చివర్లో నరసరావుపేటలో ఆయన దగ్గర జూనియర్‌గా చేరాను. కుదురుగా కూర్చునే మనిషి కాదాయన. ఒకరి నాడి చూస్తూనే పక్క మంచం వైపు చూసేవారు. టీ కూడా నిలబడే తాగేవారు. పక్షవాతం వచ్చినవాళ్లను తెస్తే చిన్న సుత్తితో మోకాలు తట్టి, అరికాలు గీరి, "మూడు నెలల్లో లేచి తిరుగుతాడు, పోండి" అని తేల్చేసేవారు. చాలామంది లేచి తిరిగేవారు. లేవనివాళ్లు మళ్లీ మా దగ్గరికి వచ్చేవారు కాదు.

ఒక ఉదయం మందుచీటీ రాస్తుండగా ఆయన చేతిలోంచి పెన్ను జారింది. తీసుకోబోతే వేళ్లు ముడుచుకోలేదు. మాట ముద్దగా వచ్చింది. వెంటనే గుంటూరు తీసుకెళ్లి తలకు సీటీ స్కాన్ తీయిస్తే ఏమీ కనపడలేదు. రక్తనాళం మూసుకుపోయిన తొలి గంటల్లో అలా జరుగుతుందని ఆయనకు తెలుసు. తెలిసినా తట్టుకోలేకపోయారు. "చెయ్యి చచ్చి పడుంటే ఏమీ లేదంటారేంది?" అని మంచం మీద అటూ ఇటూ దొర్లారు.

మద్రాసులో ఎమ్మారై యంత్రం వచ్చిందని విన్నారు. నాలుగడుగులు వేయగలిగిన వెంటనే నన్ను తోడు తీసుకుని రైలెక్కారు.

"అది చూసినా మందు మారదు గదా సర్," అన్నాను.

"మందు కోసం కాదమ్మాయ్. లోపల ఎంత పోయిందో, ఎంత మిగిలిందో చూడాల."

సొరంగంలాంటి ఆ యంత్రంలో ఆయన కదలకుండా పడుకోలేకపోయారు. మొదటిసారి తీసిన బొమ్మలన్నీ చెదిరిపోయాయి. గాజులు, గడియారం తీసేసి నేను లోపలికి వెళ్లి, ఆయన పాదం పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు కదల్లేదు.

అక్కడి డాక్టరు తెలుగాయనే. ఫిల్ము వెలుగులో పెట్టి చూపించారు. ఎడమవైపు లోతుగా శనగగింజంత తెల్లటి మచ్చ. పైన చేతిని నడిపే భాగం మాత్రం చెక్కుచెదరలేదు.

"ఇంతేనా?" అన్నారు మస్తాన్‌గారు.

"చిన్నదే. కానీ సరిగ్గా చేతికి కబురు వెళ్లే దారిలో పడింది."

"చెయ్యి మళ్లీ వస్తదా?"

"పోయినదాన్నే ఇది చూపిస్తుంది. వచ్చేదాన్ని చూపించదు."

తిరుగు రైలులో ఆ ఫిల్మును ఎడమచేత్తో కిటికీ వెలుగుకు ఎత్తి చూశారు. తర్వాత అన్నారు: "ఎక్కడ పడిందో తెలియకుండానే ఎంతమందికి మూడు నెలలని చెప్పానమ్మాయ్."

ఆయన మళ్లీ ఆసుపత్రికి వచ్చిన వారంలోనే కారంపూడి నుంచి ఒకామె భర్తను తెచ్చింది. ఒక పక్క పడిపోయింది, మాట లేదు. "మాటొస్తదా అయ్యా?" అని అడిగింది. పాత జవాబు వస్తుందనుకున్నాను. ఆయన ఎడమచేత్తో స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చున్నారు.

"తెలియదమ్మా."

"తెలియదని చెప్పించుకోటానికా ఇంత దూరం వచ్చింది?" ఆమె గొంతు పెరిగింది.

"రోజూ చూస్తా. చూస్తేనే చెప్పగలను."

చెప్పినట్టే రోజూ కూర్చున్నారు. ఆయనా ఆ రోగీ కలిసి, పడిపోయిన చేతులు ఎత్తడానికి ప్రయత్నించేవారు. ఇంటికి వెళ్లేనాటికి అతను భార్యను పేరు పెట్టి పిలిచాడు, అంతకుమించి మాట రాలేదు. డాక్టరుగారి చేతికి చెంచా పట్టు వచ్చింది గానీ రాత రాలేదు. చివరిదాకా ఎడమచేత్తోనే రాశారు.

తర్వాత నేను ఈ స్కానింగ్ చదువే చదివాను. రిపోర్టు రాస్తే నా పని అయిపోయినట్టే. అయినా మర్నాడు వార్డుకు వెళ్లి ఆ మనిషి చేతిలో నా వేళ్లు పెట్టి నొక్కమంటాను. నిన్న ఒకావిడ ఫిల్ములో మెదడు ఒక సగమంతా తెల్లగా ఉంది. ఆవిడ నొక్కిందో, నాకే అలా అనిపించిందో తేల్చుకోలేకపోయాను. కూతురు నా ముఖంలోకే చూస్తోంది. తెలియదన్నాను, రేపు వస్తానన్నాను. ఇప్పుడు అక్కడికే వెళ్తున్నాను.