ఇరవయ్యో ఇంట్లో మేకు

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు. మా వదిన మమ్మల్ని పంతొమ్మిది ఇళ్లు తిప్పింది. పదకొండేళ్లలో పంతొమ్మిది ఫ్లాట్లు. పంతొమ్మిదీ అమ్ముడుపోయాయి. పిల్లే నయం, ఏడింటితో ఆపేస్తుంది.

మా వదిన ఉద్యోగమేమిటో చెబితే ఎవరూ నమ్మరు. అమ్ముడుపోని ఫ్లాటులో కాపురం పెట్టి, దాన్ని అమ్ముడుపోయేలా చెయ్యడం. ఖాళీ ఇల్లు చూడ్డానికొచ్చిన వాళ్లకి ముందు గోడ మీది చెమ్మ కనిపిస్తుంది, తర్వాత మూలనున్న బూజు కనిపిస్తుంది, నోరు తెరిస్తే తమ గొంతే తిరిగి వినిపించి గుండె గుబేలుమంటుంది. అదే ఇంట్లో కిటికీకి ఉతికిన పరదా, బల్ల మీద నాలుగు పళ్లు, పొయ్యి పక్కన తళతళలాడే గిన్నె ఉన్నాయనుకోండి, 'మనమూ ఇలాగే ఉంటాం కాబోలు' అనుకుని అడ్వాన్సు ఇచ్చేస్తారు. పాపం, మా వదిన వెళ్లిపోయాక ఆ ఇల్లు మళ్లీ వాళ్ల ఇల్లులాగే ఉంటుందని వాళ్లకి తెలియదు.

ఈ కిటుకు కనిపెట్టింది తాళాల బాబాయి. ఆయన మాకు చుట్టమేమీ కాదు, ఇళ్లు అమ్మిపెట్టే బ్రోకరు. నడుముకి నలభై ఇళ్ల తాళాలు వేలాడుతుంటాయి. ఆయన వస్తున్నాడంటే వీధి మలుపులోనే తెలిసిపోతుంది. ఆయన మా దగ్గర అద్దె తీసుకోడు, మేం ఆయన దగ్గర జీతం తీసుకోం. ఇల్లు అమ్ముడుపోతే మాత్రం నాలుగు రోజుల్లో మూటాముల్లే సర్దుకుని ఇంకో ఇంట్లోకి దూకాలి. మేమంటే సిటీ బస్సు నడిపే మా అన్నయ్య, వదిన, వాళ్ల ఎనిమిదేళ్ల కూతురు బుజ్జి, నేను. కళ్లజోళ్ల షాపులో కౌంటరు దగ్గర పని నాది. పెళ్లి చేసుకోవే అని అన్నయ్య నస మొదలుపెట్టినప్పుడల్లా, "ముందు మనకో అడ్రసంటూ ఉండనీ, శుభలేఖ మీద ఏం అచ్చేయిస్తావ్?" అని నోరు మూయిస్తుంటాను. బుజ్జి స్కూలు డైరీలో అడ్రసు పెన్సిల్‌తోనే రాస్తుంది. చెరిపి చెరిపి అక్కడ కాగితం పల్చబడిపోయింది.

ఫోను ఒక్కసారి మోగి ఆగిపోయిందంటే, పావుగంటలో బాబాయి ఎవరినో వెంటబెట్టుకొస్తున్నాడని అర్థం. ఇక చూడండి మా అవస్థ! దుప్పట్లు మడత పెట్టేవాళ్లు ఒకరు, చెప్పులు దాచేవాళ్లు ఒకరు. టూత్‌బ్రష్‌లు డబ్బాలో పెట్టుకుని పారిపోయే డ్యూటీ నాది. "పరాయివాళ్ల టూత్‌బ్రష్ చూసి ఎవరూ ఇల్లు కొనరే" అన్నది వదిన సిద్ధాంతం. వాళ్లు లిఫ్టులో పైకొస్తుంటే మేం మెట్ల మీద కిందికి. వదిన ఒక్కతే ఇంటావిడలా నవ్వుతూ తలుపు తీస్తుంది. ఆరో ఇంట్లో అయితే రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్న అన్నయ్యని మర్చిపోయాం. వచ్చినవాళ్లు గది తలుపు తీస్తే గుర్రు. బాబాయి తొణకలేదు. "పట్టపగలు ఎంత హాయిగా నిద్ర పడుతుందో చూడండి, బయట చప్పుడే వినిపించదు" అన్నాడు. ఆ సాయంత్రమే బేరం కుదిరింది.

ఆ బాబాయిది ఎప్పుడూ ఒకటే పాట. ఇల్లంతా తిప్పాక గోడ మీద వేళ్లతో టకటకా కొట్టి, "చూడండి, అద్దంలా ఉంది. ఒక్క మేకు చూపించండి, నా పేరు మార్చుకుంటా!" అంటాడు. అందుకే మా ఇంట్లో మేకు నిషేధం. అన్నావదినల పెళ్లి ఫోటో పదకొండేళ్లుగా పాత దుప్పటి చుట్టుకుని మంచం కిందే కాపురం చేస్తోంది.

ఇక ఇరవయ్యో ఇల్లు. నాలుగో అంతస్తు, రెండు గదులు, వెనక బాల్కనీ, హాలు నట్టనడుమ ఒక స్తంభం. కట్టినవాడికి ఏ పిచ్చి పుట్టిందో గానీ, కింది నుంచి పై దాకా నడి హాళ్లలోంచే లేపాడు. ఆ స్తంభం పుణ్యమా అని ఈ ఫ్లాటూ, సరిగ్గా దీని కింద మూడో అంతస్తు ఫ్లాటూ రెండేళ్లుగా బాబాయి నడుముకే వేలాడుతున్నాయి.

"దీన్నెలా దాచిపెడతావు వదినా?" అన్నాను.

వదిన స్తంభం చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, దాని మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. మూడు వారాలు గడిచాయో లేదో, పొద్దున్నే అన్నయ్య కాఫీ తాగుతుండగా, "ఏమండీ, ఈ ఇల్లు మనమే కొనుక్కుందాం" అంది.

అన్నయ్యకి పొరబోయింది. "దేంతో? బస్సు అమ్మా?"

"ఆ బస్సు మీదయితే ఎప్పుడో అమ్మేసేదాన్ని."

అప్పుడు బయటపెట్టింది. అద్దె కట్టక్కర్లేని ప్రతి నెలా, కట్టినట్టే అనుకుని ఆ డబ్బు బ్యాంకులో వేసిందట. నోట్లో నువ్వుగింజ నానని మా ఇంట్లో పదకొండేళ్లు ఈ సంగతి ఎలా దాచిందో నాకిప్పటికీ అంతుపట్టదు. మిగతాది అప్పుగా ఇమ్మని బ్యాంకులో కాగితాలు కూడా ఇచ్చేసింది. వాళ్లు ఔనో కాదో చెప్పడానికి రెండు నెలలు పడుతుంది.

"అంటే రెండు నెలల పాటు ఈ ఇల్లు ఎవరూ కొనకూడదు" అంది వదిన.

"బాబాయికి చెప్పేస్తే పోలా?" అన్నాను.

"నచ్చిందని తెలిస్తే ధర చెట్టెక్కి కూర్చుంటుందే. ఆ మాట నాకు నేర్పిందే ఆయన." అంటూనే వదిన ముఖం చిన్నబోయింది. "ఇల్లు అమ్మిపెట్టమని ఉంచితే చెడగొట్టడానికి చూస్తున్నా. తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టే ఉంది నాకు."

కళ్లు తుడుచుకుంది. తుడుచుకుని తిన్నగా లేచివెళ్లి, పక్కింటి నుంచి సుత్తి అడిగి తెచ్చి, ఇంత పొడుగు మేకు స్తంభానికి ఎదురుగోడలోకి దిగగొట్టింది. బ్యాంకు ఇంకా ఔననలేదే అని నేను నెత్తీనోరూ బాదుకుంటుంటే, "బ్యాంకు చెప్పేది బ్యాంకు చెబుతుంది, ఈ గోడకి చెప్పాల్సింది నేను చెబుతున్నా" అంది. పెళ్లి ఫోటో గోడెక్కింది. అందులో ఓ పక్కన రెండు జడలేసుకుని నాలుక బయటపెట్టింది నేనే. నలుగురం ఫోటో ముందు నిలబడి పిచ్చివాళ్లలా నవ్వుకున్నాం.

ఆ రోజు నుంచి మా వదిన జీవితంలో మొట్టమొదటిసారి ఇల్లు పాడుచెయ్యడం మొదలుపెట్టింది. ఎవరైనా వస్తున్నారంటే ఫోటో తీసి మంచం కింద, మేకు మీద మందుల షాపు క్యాలెండరు. మొదట ఒక కొత్త జంట వచ్చింది. వదిన బాణలిలో ఉల్లిపాయలు నల్లగా మాడ్చింది, హాలుకి అడ్డంగా తడి దుప్పట్లు ఆరేసింది, అన్నయ్యని పక్కగదిలో గురకపెట్టమంది. అలవాటైన పనే కాబట్టి అన్నయ్య ఆరో ఇంటిని మించిపోయాడు. ఆ అమ్మాయేమో గుండెల నిండా గాలి పీల్చి, "అబ్బ, అచ్చం మా అమ్మ ఇంట్లోలాగే ఉంది!" అంది. మా పని అయిపోయిందనుకున్నాం. అంతలో ఆ అబ్బాయి ఫోను చూసుకుంటూ వెళ్లి స్తంభాన్ని ఢీకొన్నాడు. నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి! వాళ్లు మళ్లీ రాలేదు. వదిన స్తంభాన్ని కావలించుకుని, "నా తండ్రే, నా బంగారమే" అంది.

రెండోసారి ఒక పెద్దావిడ కొడుకునీ కోడల్నీ తీసుకొచ్చింది. ఈసారి ఎత్తు, వదినా ఆడపడుచుల పోట్లాట. బకెట్టు ఎవరు పగలగొట్టారన్నది విషయం. ఉత్తుత్తిదే అనుకుని మొదలుపెట్టాం గానీ, నాలుగో మాటకే వదిన ఎనిమిదో ఇంట్లో నేను పోగొట్టిన గొడుగు సంగతి ఎత్తింది. నాకు ఒళ్లు మండిపోయింది. నేను పన్నెండో ఇంటి పట్టుచీర సంగతి ఎత్తాను. ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అన్నారా! ఆ పెద్దావిడ కుర్చీ లాక్కుని కూర్చుని, రెండువైపులా విని, గొడుగు తప్పు నాదే, చీర తప్పు వదినదే అని తీర్పు చెప్పింది. చివర్లో కొడుకుతో, "ఇంత రభస జరిగినా పక్కింటివాళ్లు తలుపు తియ్యలేదు. గోడలు గట్టివిరా, తీసుకో" అంది. అదృష్టం బాగుండి ధర దగ్గర బేరం బెడిసింది.

బాబాయి తల గోక్కున్నాడు. "ఏమైందమ్మాయ్ నీకు? ఒంట్లో బాగుండడం లేదా?"

"నాకేమైంది? నేనేం చెయ్యలేదే!" అంది వదిన. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది వ్యవహారం. ఆయన నమ్మి, మర్నాడు వదిన కోసం టానిక్కు సీసా పట్టుకొచ్చాడు. ఆ సీసా చూసి వదిన రోజంతా తిండి సరిగ్గా తినలేదు.

సోమవారం చెబుతామంది బ్యాంకు. శనివారం మధ్యాహ్నం ఫోను ఒక్కసారి మోగి ఆగింది.

వచ్చినావిడ రిటైరైన హెడ్మిస్ట్రెస్. ఒక్కతే. ఆవిడ ముక్కు మీద ఉన్న కళ్లజోడు నేను అమ్మిందే, గుమ్మంలోనే నన్ను గుర్తుపట్టి పలకరించింది, కాబట్టి నేను పారిపోవడానికి కుదర్లేదు. ఆవిడ ఇల్లంతా తిరిగి, అందరూ విసుక్కునే స్తంభం దగ్గర ఆగి, "దీన్ని ఆనుకుని కూర్చుని పుస్తకం చదువుకోవచ్చు" అంది. ఆవిడ చేతిసంచిలో చెక్కు పుస్తకం కనిపిస్తోంది.

"నిజం చెప్పమ్మా. ఇక్కడ ఎలా ఉంటుంది?" అని వదిననే అడిగింది.

ఏదో ఒక అబద్ధం చెప్పు వదినా, లిఫ్టు ఆగిపోతుందనో, నీళ్లు రావనో! నేను కాలు తొక్కాను. తొక్కుతూనే ఉన్నాను. వదిన ఆవిడ ముఖంలోకి చూసింది, నోరు తెరిచింది, నిజం చెప్పేసింది.

"పొద్దున్న ఏడింటికి ఎండ వంటింట్లోకొచ్చి, ఎనిమిదింటికి ఈ స్తంభం దాకా వస్తుందండీ. మా పాప దాని నీడలో కూర్చుని హోంవర్కు చేసుకుంటుంది. వెనక బాల్కనీలో నిలబడితే స్కూలు పిల్లలు ఆడుకునే గోల వినిపిస్తుంది. మా ఆయన డ్యూటీ దిగి ఆ మలుపు తిరగ్గానే ఇక్కడ్నుంచి కనిపిస్తారు, అప్పుడు కాఫీ పెడితే సరిగ్గా వేడిగా అందుతుంది. పంతొమ్మిది ఇళ్లలో ఉన్నానండీ. ఇలాంటిది లేదు."

 తన ఇల్లు తనే అమ్మేసుకుంది నా పిచ్చి వదిన! నాకు ఏడుపొచ్చింది.

బాబాయికి పట్టరాని సంతోషం. "విన్నారుగా మేడం! ఇక గోడలు చూడండి, అద్దంలా ఉంటాయి. ఒక్క మేకు చూపించండి, నా పేరు మార్చుకుంటా!" అంటూ టకటకా కొట్టి, విసురుగా క్యాలెండరు ఎత్తాడు.

మేకు.

బాబాయి మేకును చూశాడు. వదినను చూశాడు. మంచం కింద పాత దుప్పట్లోంచి తొంగిచూస్తున్న ఫోటో అంచును చూశాడు. మాడిన ఉల్లిపాయలూ, బకెట్టు గొడవా అన్నీ ఆయన ముఖంలో ఒక్కొక్కటే వెలిగాయి. ఎప్పుడూ గలగలమనే తాళాల గుత్తి చప్పుడు చెయ్యలేదు.

"క్షమించాలి మేడం" అన్నాడు. "పొరపాటు నాదే. ఈ ఇల్లు అమ్ముడుపోయింది."

"ఎప్పుడు?"

"ఈ మేకు కొట్టిన రోజు."

హెడ్మిస్ట్రెస్ అంటే మాటలా? ఎంతమంది పిల్లల దొంగ ముఖాలు చూసి ఉంటుంది! వదిన వైపు ఒక్క చూపు చూసి కళ్లజోడు సర్దుకుంది. "సరే. మరి మీ పేరేం మార్చుకుంటున్నారు?"

"మేకుల తాతయ్య!" అని గుమ్మం వెనక నుంచి బుజ్జి అరిచింది. అందరం నవ్వాం. బాబాయి అందరికన్నా గట్టిగా నవ్వి, నవ్వు మధ్యలోనే, "కింద మూడో అంతస్తులో ఇదే స్తంభం ఉంది మేడం, ఎండ కూడా ఇదే" అన్నాడు. బ్రోకరు బుద్ధి ఎక్కడికి పోతుంది? ఆవిడ అరగంటలో కింది ఫ్లాటుకి చెక్కు రాసింది. మా వదిన సామాను సర్దకుండా అమ్మిన మొదటి ఇల్లు అదే.

ఆవిడ వెళ్లాక బాబాయి కుర్చీలో కూలబడ్డాడు. "పదకొండేళ్లమ్మా. నాకొక్క మాట చెప్పకూడదూ?"

"ధర పెంచేస్తారని" అంది వదిన, తల దించుకుని. బ్యాంకు అప్పు సంగతి కూడా చెప్పేసింది.

"పెంచేవాణ్నే" అని ఒప్పుకున్నాడు. "ఇప్పుడు సిగ్గేస్తోంది, పెంచను. బ్యాంకువాడు కాదంటే మాత్రం ఆ మేకు నువ్వే పీకాలి. ఇంతకీ, ఇకమీదట నా ఇళ్లు ఎవరు అమ్ముతారు?"

"నేనే. పొద్దున్న వెళ్లి సర్దేసి, సాయంత్రానికి ఇంటికొచ్చేస్తా."

ఇంటికి అన్న మాట దగ్గర వదిన ఆగిపోయింది. ఆ మాట రుచి చూస్తున్నట్టు ఇంకోసారి అంది.

సోమవారం బ్యాంకు ఔనంది. బుజ్జి డైరీలో పెన్సిల్ అడ్రసు మీద పెన్నుతో దిద్దుతుంటే, చిరుగుతుందేమోనని అన్నయ్య ఊపిరి బిగబట్టి చూశాడు. ఇంతలో ఫోను ఒక్కసారి మోగి ఆగింది. అంతే! అన్నయ్య దుప్పటి అందుకున్నాడు, బుజ్జి చెప్పులు అందుకుంది, నేను టూత్‌బ్రష్‌లు డబ్బాలో వేసుకుని మెట్ల మీద పరుగో పరుగు. రెండో అంతస్తు దాకా దిగాక పైనుంచి వదిన కేక వినిపించింది. మెట్ల రెయిలింగు మీంచి వంగి, పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"ఎక్కడికే ఆ పరుగు? మన ఇల్లు ఇక్కడుంటే!"

బ్రష్‌లు పట్టుకుని మళ్లీ పైకి ఎక్కాను.